గిటార్ లోపల ఒక రేడియో: టోన్ కండెన్సర్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ గిటార్ వాయించేవాళ్ల కోసం. గిటార్ లేకపోయినా, ఇంట్లో పాత రేడియో గానీ టేప్ రికార్డర్ గానీ చూసినవాళ్లకు కూడా ఇందులో తెలిసిన సంగతులు చాలా దొరుకుతాయి.

మా ఆర్మూర్‌లో ఎలక్ట్రిక్ గిటార్ ఉన్న పిల్లలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. చర్చిలో వాయించేవాళ్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు, ఫోన్‌లో చూసి సొంతంగా నేర్చుకునేవాళ్లు. వాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, లోపల కండెన్సర్ మారిస్తే సౌండ్ మంచిగ వస్తదంటున్నరు, నిజమేనా? పాత రకంది ఒక్కటి మూడు వేలు చెప్తున్నరు. కొనమంటవా?"

కొనాలా వద్దా అన్నది ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే రేపు ఇంకొకడు ఇంకో వస్తువు చూపించి ఇంకో మాట చెప్తాడు, మీరు మళ్లీ నన్నే అడగాలి. అదే ఆ కండెన్సర్ గిటార్‌లోకి ఎందుకొచ్చింది, ఎవరు పెట్టారు, ఎవరు మార్చారు అన్న చరిత్ర తెలిస్తే, ఏ వస్తువుకు ఎంత ఇవ్వాలో మీరే తేల్చుకోగలరు. అందుకే ఇవాళ చరిత్ర చెప్తాను.

ముందు ఒకసారి గిటార్ విప్పి చూద్దాం. వెనక మూత, లేదా ముందున్న ప్లాస్టిక్ ప్లేటు, స్క్రూలు తీస్తే వచ్చేస్తుంది. లోపల ఏముంటుంది? అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన పికప్. తిప్పే నాబ్‌ల కింద రెండో మూడో వాల్యూమ్ కంట్రోళ్లు. ఒక స్విచ్. కేబుల్ గుచ్చే జాక్. వీటి మధ్యలో చింతగింజంత సైజులో ఒక కండెన్సర్. ఇంతే. ఐసీ లేదు, చిప్ లేదు. చాలా గిటార్లలో బ్యాటరీ కూడా ఉండదు.

ఇదే గిటార్‌ని తీసుకెళ్లి ఒక పాత రేడియో మెకానిక్ ముందు పెట్టండి. ఆయన జీవితంలో గిటార్ ముట్టుకుని ఉండకపోవచ్చు. అయినా లోపల చూడగానే "ఇది వాల్యూమ్, ఇది టోన్, ఇది కండెన్సర్, ఇది ఎర్త్" అని చకచకా చెప్పేస్తాడు. ఎందుకంటే అది రేడియో సర్క్యూటే. పోలిక కోసం అంటున్న మాట కాదిది. చరిత్రలో జరిగిందే అది.

కండెన్సర్ మనకు కొత్తదేం కాదు. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే "కండెన్సర్ పోయింది" అంటాం. పొలం కాడ మోటార్లకు కెపాసిటర్లు బిగించుకోండని కరెంటోళ్లు చెప్తూనే ఉంటారు. రెండూ ఒకటే వస్తువు. రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటు పారని పొర ఒకటి. 1745లో జర్మనీలో క్లైస్ట్, 1746లో హాలండ్‌లోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రుక్, ఎవరికి వారుగా గాజు సీసాతో దీన్ని కనుక్కున్నారు. దానికి కండెన్సర్ అన్న మాట వాడింది ఇటలీ శాస్త్రవేత్త వోల్టా. తర్వాత పుస్తకాలు కెపాసిటర్ అనడం మొదలుపెట్టాయి. మన మెకానిక్‌లు మాత్రం పాత పేరే పట్టుకున్నారు. నేనూ ఇవాళ ఆ పేరుతోనే మాట్లాడతాను.

ఇప్పుడు రేడియో దగ్గరికి వద్దాం. 1930ల నాటికి ప్రపంచమంతా రేడియో పిచ్చిలో ఉంది. మన హైదరాబాద్‌లో కూడా నిజాం ప్రభుత్వం ఆధ్వర్యంలో 1935లో దక్కన్ రేడియో మొదలైంది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ రోజుల రేడియోల్లో స్టేషన్‌తో పాటు గరగరా, బరబరా శబ్దాలు కూడా వచ్చేవి. ఆ గరగర ఎక్కువగా పై స్థాయిలో, అంటే మనం ట్రెబుల్ అంటామే, అక్కడ ఉంటుంది. దాన్ని తగ్గించడానికి రేడియో కంపెనీలు ఒక చిన్న ఉపాయం చేశాయి. శబ్దం పోయే దారిలో ఒక కండెన్సర్, దానికి ఒక తిప్పే కంట్రోల్. తిప్పితే గరగర తగ్గుతుంది, గొంతు మెత్తబడుతుంది. దాని పేరే టోన్ కంట్రోల్.

అది ఎలా పనిచేస్తుందో మన పోచంపాడు కాలువతో చెప్తాను. పికప్ నుంచి జాక్ దాకా పోయే తీగను కాలువ అనుకోండి. దాని పక్కన ఒక తూము. తూముకు ఒక షట్టర్, షట్టర్ వెనక ఒక జల్లెడ. షట్టర్ అంటే టోన్ నాబ్. జల్లెడ అంటే కండెన్సర్. ఆ జల్లెడ సన్నటివి, అంటే ట్రెబుల్‌ని బయటికి పోనిస్తుంది. లావువి, అంటే బేస్‌ని కాలువలోనే ఉంచుతుంది. షట్టర్ ఎత్తే కొద్దీ ట్రెబుల్ తూములోంచి ఎర్త్‌లోకి పోతుంది. కాలువలో మిగిలినదే మీకు వినబడే టోన్.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. షట్టర్ మూసి ఉన్నప్పుడు, అంటే టోన్ నాబ్ 10 మీద ఉన్నప్పుడు, జల్లెడకు పని చాలా తక్కువ. అది బంగారు జల్లెడ అయినా, ఇనప జల్లెడ అయినా పెద్ద తేడా ఉండదు.

మరి రేడియోలోని ఈ ఉపాయం గిటార్‌లోకి ఎలా వచ్చింది? అమెరికాలో జార్జ్ బోషాంప్ అనే గిటార్ వాద్యకారుడికి ఒక బాధ ఉండేది. బ్యాండ్‌లో డ్రమ్ములు, బాకాల మధ్య తన గిటార్ ఎవరికీ వినబడేది కాదు. 1931లో ఆయన అయస్కాంతంతో, తీగ చుట్టతో పికప్ ఒకటి తయారు చేశాడు. రికెన్‌బ్యాకర్ అనే ఆయనతో కలిసి 1932 నుంచి దాన్ని బిగించిన గిటార్లు అమ్మాడు. చూడ్డానికి పెనంలా ఉంటుందని దానికి ఫ్రయింగ్ పాన్ అని ముద్దుపేరు. పేటెంట్ మాత్రం 1937లో గానీ చేతికి రాలేదు.

అసలు కథ నడిపించినాయన ఇంకొకరున్నారు. లియో ఫెండర్. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాపు పెట్టాడు. మన ఊళ్లల్లో బస్టాండ్ దగ్గర ఉండేవే, అలాంటి షాపే అనుకోండి. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాడు. ఇంకో విచిత్రం, ఆయనకు గిటార్ వాయించడం రాదు. జీవితాంతం నేర్చుకోలేదు. అయినా 1950లో ఆయన కంపెనీ నుంచి వచ్చిన గిటార్, 1951 నుంచి టెలికాస్టర్ అనే పేరుతో, ఇవాళ్టికీ అమ్ముడుపోతూనే ఉంది.

ఆయన గిటార్‌ని మెకానిక్ కళ్లతో చూశాడు. ఏది పాడైతే అది విప్పి మార్చుకునేలా ఉండాలి అనుకున్నాడు. గిటార్ మెడను కూడా జిగురుతో అంటించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. లోపల పెట్టిన సామాను కూడా రేడియో సామానే. 250 కిలో ఓమ్‌ల కంట్రోళ్లు, 0.05 మైక్రోఫారడ్ కండెన్సర్, గుడ్డ చుట్టిన వైర్. ఆ రోజుల్లో కండెన్సర్ అంటే మైనంలోనో నూనెలోనో నానబెట్టిన కాగితం. సంగీతానికి మంచిదని ఏరికోరి తెచ్చింది కాదు. బజార్లో దొరికేది అదే, చవగ్గా వచ్చేది అదే.

ఆ పాత కండెన్సర్ల మీద 400 వోల్టులు, 600 వోల్టులు అని రాసి ఉంటుంది. అది చూసి "అబ్బో, ఎంత పవరో" అనుకుంటారు మన పిల్లలు. గిటార్ పికప్ నుంచి వచ్చేది ఎంత? గట్టిగా మీటినా ఒక వోల్టు అటూ ఇటూ. మరి 600 ఎందుకు? ఆ కండెన్సర్లు వాల్వ్ రేడియోల కోసం తయారైనవి గనుక. వాల్వ్ రేడియో లోపల వందల వోల్టులు తిరుగుతాయి. గిటార్‌కు దానితో సంబంధమే లేదు. 50 వోల్టుల కండెన్సర్ చాలు.

ఇప్పుడు ఇంకో ముచ్చట. కంపెనీ పెట్టిన వైరింగే శాసనం అని ఎవరూ అనుకోలేదు. వాయించేవాళ్లు మొదటి నుంచీ దాన్ని మార్చుకుంటూనే వచ్చారు. టెలికాస్టర్‌నే తీసుకోండి. మొదట్లో స్విచ్‌ని ఒక పక్కకు జరిపితే పెద్ద కండెన్సర్ అడ్డం వచ్చి, గొంతు ముద్దగా, బేస్‌లా మోగేది. పాటలో బేస్ తీగల పని కూడా గిటారే చేయాలని ఆలోచన. 1951లో ఫెండరే బేస్ గిటార్ తెచ్చాక ఆ స్థానంతో పెద్దగా పని లేకుండా పోయింది. అయినా 1967 దాకా అది అలాగే ఉండిపోయింది. 1952 నుంచి 1967 దాకా వచ్చిన టెలికాస్టర్ల స్విచ్‌లో రెండు పికప్‌లూ కలిసి మోగే స్థానం లేదు. కావాల్సినవాళ్లు విప్పి, టంకం వేసుకుని, మార్చుకున్నారు. చివరికి కంపెనీయే వాళ్ల దారికి వచ్చింది.

1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కథ ఇంకా బాగుంటుంది. దానికి మూడు పికప్‌లు, మూడు స్థానాల స్విచ్. వాయించేవాళ్లు స్విచ్‌ని రెండు స్థానాల నడుమ ఆపి చూశారు. రెండు పికప్‌లు కలిసి ఒక కొత్త గొంతు వచ్చింది. అది నచ్చి, స్విచ్ జారిపోకుండా నడుమనే నిలబెట్టుకోవడానికి నానా తంటాలు పడ్డారు. ఇరవై మూడేళ్ల తర్వాత, 1977లో, కంపెనీ ఐదు స్థానాల స్విచ్ పెట్టి ఇచ్చింది. ఇవాళ మీ గిటార్ స్విచ్‌లో రెండో, నాలుగో స్థానంలో వచ్చే ఆ గాజుల గలగల లాంటి సౌండ్ ఉంది చూశారా, అది ఇంజినీర్ కాగితం మీద గీసింది కాదు. వాయించేవాళ్ల చేతివేళ్లు కనుక్కున్నది.

కండెన్సర్ విలువ కూడా అలాగే మారింది. స్ట్రాటోకాస్టర్‌లో మొదట 0.1 మైక్రోఫారడ్. అంటే జల్లెడ కన్నాలు పెద్దవి, నాబ్ తగ్గిస్తే గొంతు గోతిలో పడ్డట్టు ఉండేది. తర్వాత 0.05 వచ్చింది. ఇవాళ చాలా గిటార్లలో 0.022. కన్నాలు చిన్నవైన కొద్దీ నాబ్ పూర్తిగా తగ్గించినా మాట స్పష్టంగానే వినబడుతుంది. గిబ్సన్ కంపెనీ 1952లో తెచ్చిన లెస్ పాల్‌లో 1950ల నుంచే 0.02 చుట్టుపక్కల విలువలు వాడారు. దాని పికప్‌లు స్వతహాగా లావు గొంతువి కాబట్టి కంట్రోళ్లు 500 కిలో ఓమ్‌లవి పెట్టారు. సన్నగొంతు సింగిల్ కాయిల్ పికప్‌లకు 250, లావుగొంతు హంబకర్‌లకు 500 అన్న లెక్క ఆ రెండు కంపెనీల దగ్గర మొదలై ఇవాళ్టి దాకా నడుస్తోంది.

టోన్ నాబ్ అంటే ట్రెబుల్ తగ్గించేది, అంతేనా? కాదు. 1967లో ఎరిక్ క్లాప్టన్, క్రీమ్ బ్యాండ్‌లో ఉండగా, టోన్ నాబ్‌ని బాగా తగ్గించి, యాంప్లిఫయర్‌ని బాగా పెంచి వాయించాడు. సన్నాయికీ మనిషి గొంతుకూ మధ్యలో ఉన్నట్టు ఒక కొత్త నాదం వచ్చింది. దానికి వుమన్ టోన్ అని పేరు పడింది. ప్రతి గిటార్‌లో ఉన్న నాబే అది. మనలో చాలామంది దాన్ని 10 మీద పెట్టి మర్చిపోతాం. డబ్బు పెట్టి కండెన్సర్ కొనేముందు, ఉన్న నాబ్‌ని ఒక వారం రోజులు తిప్పి చూడండి. ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇదే.

ఇక మూడు వేల కండెన్సర్ సంగతి. 1950ల లెస్ పాల్ గిటార్లలో బంబుల్‌బీ అనే కండెన్సర్ ఉండేది. నల్లటి గొట్టం మీద రంగుల చారలు, తుమ్మెదలా ఉంటుందని ఆ పేరు. 1958, 59, 60 సంవత్సరాల లెస్ పాల్ గిటార్లు కొన్ని తర్వాతి కాలంలో లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. అప్పుడు జనానికి ఒక ఆలోచన వచ్చింది. గిటార్ కొనలేం, దాని లోపలి కండెన్సరైనా కొందాం అని. బజారు ఊరుకుంటుందా? పాతవి దొరక్కపోతే కొత్తవాటికి పాత వేషం వేసింది. పైన తుమ్మెద చారలు, లోపల మామూలు ప్లాస్టిక్ ఫిల్మ్ కండెన్సర్ పెట్టి అమ్మిన ఉదంతాలు కూడా ఉన్నాయి.

పసుపు పండించే ఊరివాళ్లం, ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా? పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పితే పాలిష్ వస్తుంది, మెరుస్తుంది. కానీ నిజామాబాద్ యార్డులో తెలిసిన ఖరీదుదారు మెరుపు చూసి ఊరుకోడు. కొమ్మును పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు, తేమ ఎంతుందో చూస్తాడు. కండెన్సర్‌కు కూడా అంతే. పైన చారలు, బంగారు అక్షరాలు, నూనె కాగితం అన్న పేరు, ఇవన్నీ పాలిష్. విరిచి చూడాల్సింది దాని విలువ. 0.022 అని రాసి ఉంటే మీటర్ మీద 0.022 చుట్టుపక్కల చూపిస్తోందా లేదా.

తేమ మాట వచ్చింది గనుక ఇంకొకటి. కాగితం కండెన్సర్‌కు పెద్ద శత్రువు తేమే. ఏళ్లు గడిచే కొద్దీ కాగితం తేమ పీలుస్తుంది, విలువ మారిపోతుంది, కరెంటు కొంచెం కొంచెం కారడం మొదలవుతుంది. అందుకే పాత వాల్వ్ రేడియో బాగుచేసే మెకానిక్ మొట్టమొదట చేసే పని ఆ కాగితం కండెన్సర్లు పీకి పారేయడం. పాలియెస్టర్ ఫిల్మ్ కండెన్సర్లు వచ్చాక పరిశ్రమ కాగితాన్ని వదిలేసింది కూడా ఈ కారణంతోనే. రేడియో మెకానిక్ పారేసిన వస్తువునే గిటార్ బజారు వేలు పెట్టి కొంటోంది. అరవై ఏళ్ల నాటి గిటార్‌లో ఆ కండెన్సర్ వల్ల ఏదైనా వేరే గొంతు వినిపిస్తే, అది చాలావరకు విలువ మారిపోవడం వల్ల వచ్చినదే. ఆ మారిన విలువ మీకూ కావాలంటే, చాయ్ ధరకు అదే విలువ ఉన్న కొత్త కండెన్సర్ దొరుకుతుంది.

నమ్మకం కుదరకపోతే ఒక ప్రయోగం చెప్తాను. నేను పిల్లలతో చేయించేదే. ఒక చవక పాలియెస్టర్ కండెన్సర్, ఒక ఖరీదైనది తీసుకోండి. రెండింటినీ మీటర్ మీద కొలిచి, విలువ ఒకటే ఉండేలా చూసుకోండి. ఒక చిన్న టోగుల్ స్విచ్‌తో రెండూ గిటార్‌కు కలపండి. మీరు వెనక్కి తిరిగి కూర్చోండి. దోస్తు స్విచ్ మారుస్తూ వాయించాలి, మీరు ఏది ఏదో చెప్పాలి. ఇరవై సార్లు చేసి లెక్క రాసుకోండి. నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా బాగా చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు. అదే 0.022, 0.047 పెట్టి, టోన్ నాబ్ తగ్గించి చూడండి, మొదటిసారి విన్నవాళ్లు కూడా తేడా చెప్పేస్తారు.

అంటే వైరింగ్ మారిస్తే సౌండ్ మారదనా? మారుతుంది. ఎక్కడ మారుతుందో చెప్తాను.

మొదటిది కంట్రోళ్లు. చవక గిటార్లలో 500 అని రాసి ఉన్న కంట్రోల్ కొలిస్తే 400 కూడా చూపించొచ్చు, 600 కూడా చూపించొచ్చు. నూటికి ఇరవై అటూ ఇటూ తేడాను కంపెనీలే ఒప్పుకుంటాయి. విలువ తగ్గితే గొంతు మెత్తబడుతుంది, పెరిగితే పదునెక్కుతుంది. ఇది టోన్ నాబ్ 10 మీద ఉన్నా వినబడే తేడా. రెండోది, వాల్యూమ్ తగ్గించగానే గొంతు మసకబారే జబ్బు. దీనికి పాత మందు ఒకటుంది. 1950ల లెస్ పాల్‌లలో టోన్ సర్క్యూట్‌ని వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలికి కలిపేవాళ్లు, తర్వాత చివరి కాలికి మార్చారు. మళ్లీ నడిమి కాలికి మారిస్తే వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ ఎక్కువ పోదు. ఒక్క వైర్ జరిపితే అయిపోయే పని. ఇంకో మందు ట్రెబుల్ బ్లీడ్. 0.001 మైక్రోఫారడ్ కండెన్సర్, దానికి జతగా 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్, రెండూ కలిపి వాల్యూమ్ కంట్రోల్ మొదటి కాలికీ నడిమి కాలికీ మధ్య.

మూడోది చాలామంది మరిచిపోయేది, కేబుల్. గిటార్ కేబుల్ కూడా ఒక పొడుగాటి కండెన్సరే. మీటరుకు 100 పికోఫారడ్‌లు ఉన్న కేబుల్ ఆరు మీటర్లు వాడితే 600. పికప్‌కు ఒక పదునైన స్థాయి ఉంటుంది, సుమారు 3 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య. కేబుల్ పొడుగైన కొద్దీ ఆ పదును కిందికి దిగుతుంది. చిన్న గదిలో వాయిస్తూ పది మీటర్ల కేబుల్ పెట్టుకుని, సౌండ్ మసకగా ఉందని కండెన్సర్ కొనేవాళ్లున్నారు. ముందు మూడు మీటర్ల కేబుల్‌తో వాయించి చూడండి.

ఇక్కడ మన తెలుగు నేల కథ ఒకటి చెప్పాలి. అసలు వాయిద్యాన్ని మార్చడం అంటే ఏమిటో మనకు చూపించింది పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టారు. మాండలిన్ పాశ్చాత్య వాయిద్యం. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా నాలుగు వరుసలు. మీటితే టింగ్‌మని మోగి వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. గమకం పలకాలంటే తీగను లాగాలి, లాగినంతసేపు నాదం నిలవాలి. జంట తీగలను సమంగా లాగడం కష్టం, లాగేలోపే నాదం ఆరిపోతుంది. ఆయన ఏం చేశారు? జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు. స్థాయి సరిపోవడానికి ఐదో తీగ కలిపారు. నాదం నిలవడానికి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు.

1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశారు. ఎలక్ట్రిక్ వాయిద్యం మీద త్యాగరాజ కీర్తనా అని సందేహించినవాళ్లు ఉన్నారు. తర్వాత వాళ్లే కూర్చుని విన్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. గిటార్ దిగ్గజం జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తి బృందంలో ప్రపంచమంతా తిరిగి వాయించారు. 2014లో, 45 ఏళ్లకే మనల్ని వదిలి వెళ్లారు.

ఆయన చేసిన మూడు మార్పులూ చూడండి. ప్రతి మార్పుకూ ఒక కారణం ఉంది. గమకం ఎక్కడ ఆగిపోతోందో అక్కడే చెయ్యి పెట్టారు. స్విచ్‌ని నడుమ నిలబెట్టిన ఆ అమెరికా వాద్యకారులు కూడా చేసింది అదే. వాళ్లు ముందు పాటకు ఏది అడ్డం వస్తోందో విన్నారు. తర్వాతే విప్పారు. మనం ముందు విప్పేస్తున్నాం, తర్వాత ఏం మారిందా అని వెతుక్కుంటున్నాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన వైర్ గురించి. ఇది టోన్ సంగతి కాదు, ప్రాణం సంగతి. గిటార్ లోపల ఒక సన్నటి వైర్ బ్రిడ్జ్ కిందికి పోతుంది. దానివల్ల మీ తీగలన్నీ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మీరు తీగను ముట్టుకోగానే హమ్ తగ్గిపోతుంది, గమనించారా? అది ఆ వైర్ పనే. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఆ గుయ్‌మనే హమ్ అక్కడి నుంచే వస్తుంది. లోపల రాగి రేకు అంటించి ఎర్త్‌కు కలిపితే చుట్టుపక్కల నుంచి వచ్చే బరబర ఇంకా తగ్గుతుంది.

కానీ ఆ తీగలు కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ ఇనప డబ్బాకు కూడా కలిసి ఉంటాయి. యాంప్లిఫయర్‌లో ఏదైనా లోపం వచ్చి డబ్బాకు కరెంటు తగిలితే, ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోతే, ఆ కరెంటు మీ చేతిలోని తీగల మీదికి వస్తుంది. అప్పుడు ఇంకో చెయ్యో పెదవులో మైక్‌కు తగిలితే, దారి మీ గుండె మీదుగా పోతుంది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే స్టేజీ మీద గిటార్ పట్టుకుని మైక్‌ను ముట్టుకుని, కరెంటు షాక్‌తో చనిపోయాడు. ఆయన వయసు ముప్పై కూడా దాటలేదు.

మన దగ్గర ఎలా ఉంటుందో మీకు తెలుసు. వినాయక చవితి మండపం, పెళ్లి షామియానా, వానకు తడిసిన నేల, ఎక్కడి నుంచో లాగిన వైర్, మూడు పిన్నుల ప్లగ్గుకు ఒక పిన్ను విరగ్గొట్టి రెండు కన్నాల్లో గుచ్చడం. తమ్ముడూ, చెల్లే, దయచేసి ఆ మూడో పిన్ను విరగ్గొట్టకండి. ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి యాంప్లిఫయర్‌కూ మైక్ సెట్‌కూ కరెంటు తీసుకోండి. వాయించేముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించుకోండి. తీగ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమన్నా సరే, "కొంచెమే కదా" అనుకోకండి, ఆపేయండి. కండెన్సర్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో ఇంట్లో షాక్ తగిలితే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ పెట్టించుకోవచ్చు. నా దృష్టిలో గిటార్‌కు మొదటి అప్‌గ్రేడ్ అదే.

ఇంకో హెచ్చరిక. బ్యాటరీ లేని గిటార్ లోపల మిమ్మల్ని కొట్టేంత కరెంటు ఉండదు. కేబుల్ పీకేసి నిశ్చింతగా టంకం నేర్చుకోవచ్చు. యాంప్లిఫయర్ మూత మాత్రం తీయకండి. ముఖ్యంగా వాల్వ్ యాంప్లిఫయర్. స్విచ్ తీసేసినా దాని కండెన్సర్లలో వందల వోల్టులు దాగి ఉంటాయి.

ఇప్పుడు వరుస చెప్తాను, రాసుకోండి. ముందు ఎర్త్. తర్వాత కొత్త తీగలు, పికప్ ఎత్తు సరిచేయడం, దానికి స్క్రూడ్రైవర్ చాలు. తర్వాత కేబుల్. తర్వాత వదులైన జాక్, గరగరలాడే కంట్రోళ్లు, సరిగా అంటని టంకాలు. తర్వాత కంట్రోళ్ల విలువ, వైర్ జరపడం, ట్రెబుల్ బ్లీడ్. అన్నిటికన్నా చివర కండెన్సర్, అది కూడా విలువ మార్చడానికే. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తీసిన పాత సామాను పారేయకుండా కవర్లో వేసి పెట్టుకోండి. సామాను కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోతే కండెన్సర్లు, రెసిస్టర్లు, వైర్లు అన్నీ దొరుకుతాయి.

ఊళ్లో రేడియో మెకానిక్ ఎవరైనా మిగిలి ఉంటే ఆయన దగ్గరికి కూడా పోండి. మా దగ్గర 1980లు, 90ల్లో దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి ఎన్ని టేప్ రికార్డర్లు వచ్చాయో లెక్కలేదు. అవి పాడైతే బాగుచేసింది ఈ మెకానిక్‌లే. సర్క్యూట్ కాగితం లేకుండా, చెవితో విని "ఇది కండెన్సర్ రోగం, ఇది ఎర్త్ రోగం" అని చెప్పేవాళ్లు. ఇప్పుడు రేడియోలు లేవు, వాళ్ల షాపుల్లో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కానీ లియో ఫెండర్ చేతిలో ఏ పనితనం ఉందో, అదే పనితనం వాళ్ల చేతుల్లో ఉంది. ఆ చేతులు ఉండగానే పక్కన కూర్చుని టంకం ఎలా వేయాలో, రోగం ఎలా వినాలో నేర్చుకోండి. ఒక సాయంత్రం, రెండు చాయ్‌ల ఖర్చు.

మూడు వేల కండెన్సర్ కొనమంటవా అని అడిగిన తమ్ముడికి నా జవాబు ఇదీ. వచ్చే ఎపిసోడ్‌లో పికప్ ఎత్తు ఎలా సరిచేయాలో గిటార్ ముందు పెట్టుకుని చూపిస్తాను. అప్పటిదాకా మూడో పిన్ను జాగ్రత్త. ఉంటాను.